విశాలి కింద పెరిగిన పిల్ల

బండి వెనక తలుపులు బార్లా తెరిచి, మెట్టు మీద కూర్చుని కమలిని కూతురికి జడ వేస్తోంది. శర్వాణి ఆమె మోకాళ్ల మధ్య నిలబడి ఉంది. పిల్ల వీపు తల్లి పొట్టకు ఆనుకునే ఉంది. రిబ్బను ముడి వేయబోతుంటే పిల్ల గొంతెత్తి, ఏటి అవతలి గట్టున ఉన్న మనిషిని కేకేసినట్టు, "అమ్మా, అంత దూరంగా ఎందుకు కూర్చున్నావు? ఇలా రా" అంది.

ఆటలాడుతోంది అనుకుంది కమలిని. ఇక్కడే ఉన్నాను కదా అని వంగి బుగ్గ మీద ముద్దు పెట్టింది. శర్వాణి ఆ బుగ్గ తడుముకుంది. వెనక్కి తిరిగి, తల్లి మొహం ఎక్కడో ఉన్నట్టు కళ్లు చికిలించి చూసి, అందుకోవడానికి ఒక్క ఊపున ముందుకు దూకింది. ఇద్దరి నుదుళ్లూ ఠంగున కొట్టుకున్నాయి. పిల్ల పెదవి తన పళ్లకే నొక్కుకుని చిట్లి రక్తం కారింది. ఏడవలేదు. తల్లి ఒక్కసారిగా అంత దగ్గరికి ఎలా వచ్చేసిందో అర్థం కానట్టు బిత్తరపోయి చూస్తూ ఉండిపోయింది.

రక్తం తుడుస్తుంటే కమలినికి గడిచిన ఏడాదంతా కళ్ల ముందు కదిలింది. మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి తన్నేయడం, తలుపుకు ఢీకొనడం, బొంత మీద పడుకున్న నాన్న పొట్ట తొక్కేయడం. దూకుడు పిల్ల అని మొగుడూ పెళ్లాలు మురిసిపోయారు. కళ్లేమైనా తేడాగా ఉన్నాయేమోనని ఒకసారి చూపిస్తే, కళ్లు బంగారంలా ఉన్నాయన్నాడు డాక్టరు.

కమలిని తలెత్తి బండి పైకప్పు వంక చూసింది. అన్నం కంచమంత పళ్లెం ఒకటి అక్కడ బిగించి ఉంది. దాని అంచున నీలిరంగు దీపం వెలుగుతోంది. అది వెలగడం మొదలుపెట్టేనాటికి శర్వాణికి ఇంకా పాకడం కూడా రాదు.

ఆ పళ్లెం పేరు విశాలి. దాన్ని కనిపెట్టినవాళ్లలో కమలిని ఒకతి.

విశాఖలో చదువుకుని, కొండ మీది పరిశోధనాలయంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఈశ్వర్రావును పెళ్లి చేసుకుంది. అతను ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ. ఇద్దరికీ నాలుగు గోడల ఇల్లంటే పెద్ద మోజు లేదు. స్కూలువాళ్లు అమ్మేసిన పాత వ్యాను ఒకటి తెచ్చి, ఈశ్వర్రావు తన చేతులతో దాన్ని ఇల్లు చేశాడు. గోడకు మడిచిపెట్టే మంచం, మంచం కింద పెట్టెలు, వెనక తలుపు పక్కన స్టవ్వు, పైన నీళ్ల డ్రమ్ము, సోలారు పలకలు. నాలుగు కంచాలు, రెండు దుప్పట్లు, ఒక కుక్కరు. సెలవు దొరికితే భీమిలి ఇసుక పక్కన, లేదంటే అనంతగిరి కాఫీతోటల్లో తెల్లవారేది వాళ్లకు. ఇంత చిన్న ఇంట్లో ఇంత సుఖముందని తెలియక జనం అనవసరంగా మేడలు కడుతున్నారని కమలిని అందరితోనూ అనేది.

ఆ తరవాత సముద్రం ఊళ్లోకి వచ్చింది. వచ్చింది మళ్లీ వెనక్కి పోలేదు. పల్లంలో ఉన్న పేటలన్నీ ఉప్పునీటి మడుగులైపోయాయి. మిగిలిన జనమంతా కొండవాలుకు చేరారు. ఇళ్లు కట్టడానికి చదునైన నేల లేదు. ఉన్న నేల మీద సున్నంతో గీతలు గీసి, కుటుంబానికో బండి చొప్పున నిలుపుకోమన్నారు. పాత బస్సులు, డెలివరీ వ్యాన్లు, అంబులెన్సులు, ఏది దొరికితే అది ఇల్లయింది. ఆ చోటికి ఎర్రగట్టు కాలనీ అని పేరు పడింది. వీళ్లిద్దరూ ఇష్టపడి ఏరుకున్న బతుకు ఊరందరికీ గత్యంతరం లేని బతుకైంది.

ఇష్టంతో ఉండటం వేరు, ఇరుక్కుని ఉండటం వేరు. మొదటి వేసవిలోనే ఆ సంగతి తెలిసొచ్చింది. ఒకాయన ఊపిరాడక తన బండి గోడను లోపలి నుంచే గొడ్డలితో నరికేశాడు. అన్నదమ్ములు కాళ్లు తగిలాయని కత్తులు దూసుకున్నారు. ఏడుపు ఆపని చంటిబిడ్డ నోటి మీద చెయ్యి పెట్టి మూసిన ఒక తల్లి, ఆ చెయ్యి ఎంతసేపటికీ తియ్యలేదు. ఆ బిడ్డ శవాన్ని చూసొచ్చిన రోజునే పరిశోధనాలయం పెద్ద విశ్వంభరగారు అందర్నీ కూర్చోబెట్టి, బండిని పెంచలేం, బండిలో ఉన్న మనిషికి అది పెద్దదిగా తోచేలా చెయ్యగలమా అని అడిగారు.

చెయ్యగలిగారు. దూరాన్ని కొలుచుకునే చోటు మెదడులో ఒకటుంది. విశాలి దాని కొలతను సాగదీస్తుంది, అంతే. మొదటి పళ్లెం బిగించింది కమలిని వాళ్ల బండిలోనే. తాను నమ్మినదాన్ని ముందు తన ఇంట్లో పెట్టకపోతే పక్కింటివాళ్లకు ఎలా పెట్టమంటానని ఆమె వాదించింది. దీపం వెలగగానే ఈశ్వర్రావు మంచం మీంచి లేచి గోడ వైపు చెయ్యి చాపాడు. చెయ్యి చాపగానే గోడ తగిలింది. అయినా నమ్మలేక వెనక్కి తీసుకుని మళ్లీ చాపాడు. "కళ్లకేమో అక్కడే ఉంది. ఒంటికి మాత్రం పెళ్లిమండపంలో నిలబడ్డట్టుంది కమలీ" అని నవ్వాడు. పళ్లెం కింద పొత్తిళ్లలో శర్వాణి హాయిగా నిద్రపోయింది. దాన్ని ఆర్పితే ఏడుస్తోందని ఆర్పడం మానేశారు. పెద్దవాళ్లు బండి దిగి కాసేపు బయట తిరిగితే చాలు, కొలత మామూలైపోయేది. అందుచేత ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఏడాది తిరిగేసరికి ఎర్రగట్టు మీద ప్రతి బండిలోనూ నీలి దీపం వెలిగింది. కత్తుల మాట, గొడ్డళ్ల మాట వినపడటం మానేసింది.

కమలిని పిల్లను పరిశోధనాలయానికి తీసుకెళ్లింది. విశాలి లేని గదిలో కూర్చోబెట్టి, తల మీద తీగల టోపీ పెట్టి, తానే ఎదురుగా కూర్చుని, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఈ బొమ్మ పెట్టమ్మా అంది. శర్వాణి బొమ్మను తన ముక్కుకు ఆనించుకుంది. అమ్మ ఎక్కడుంది అంటే, గుమ్మం అవతలున్న వరండా చివరి కొబ్బరిచెట్టు వైపు చూసి, అంత దూరంలో అంది. తల్లి వేళ్లు అప్పుడు పిల్ల అరిచేతిలోనే ఉన్నాయి. ఇది ఎవరి చెయ్యి అని అడిగితే, తెలియదు, ఎక్కడినుంచో వచ్చింది అంది.

తెర మీద గీతలు వేలితో చూపిస్తూ విశ్వంభరగారు సంగతి చెప్పారు. పెద్దవాళ్ల మెదడుకు విశాలి కంటే ముందే ఒక కొలత ఉంది, దీపం ఆరితే దానికి తిరిగొస్తుంది. ఈ పిల్లకు ముందంటూ ఏమీ లేదు. సాగిన కొలతే ఆమెకు తెలిసిన ఒకే ఒక్క కొలత. పైగా అది సాగుతూనే ఉంది, దీపంతో పని లేకుండా తనంతట తానే.

"ఇంకెంత దూరం పోతుంది సర్?" అని అడిగింది కమలిని.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు తెలియదమ్మా. మీకూ తెలియదు" అన్నారు.

ఆ రోజే ఈశ్వర్రావు పళ్లెం ఊడదీశాడు. ఊడదియ్యగానే బండి ఒక్కసారిగా అగ్గిపెట్టె అయిపోయింది. తొలినాళ్లలో ఇదే బండిలో ఎంత సుఖంగా ఉన్నారో గుర్తుతెచ్చుకుందామన్నా ఇద్దరి ఒళ్లూ మొరాయించాయి. మోచెయ్యి తగిలితే చిరాకు, కుక్కరు కూతకు చిరాకు. ఈశ్వర్రావు చీటికీ మాటికీ రోడ్డు మీదికి వెళ్లి నిలబడేవాడు. శర్వాణిలో మాత్రం మార్పేమీ లేదు. బయటికి తీసుకెళ్తే తగ్గుతుందేమోనని తండ్రి భుజాన వేసుకుని కొండ దిగబోయాడు. అంతకుముందు ఎప్పుడూ లేనిది, ఆకాశం చూడగానే పిల్ల గజగజ వణికి అతని జుట్టు పట్టుకుంది. కింద దింపితే నేలకు బోర్లా అతుక్కుని, గడ్డిపోచల్ని రెండు గుప్పిళ్లతో పట్టుకుని, పడిపోతున్నాను, పట్టుకో అని అరిచింది. అతను పట్టుకునే ఉన్నాడు.

రోజులు గడిచేకొద్దీ తల్లి గొంతు కూడా ఆమెకు దూరమైంది. కమలిని చెవి దగ్గర మాట్లాడినా, గాలికి కొట్టుకొచ్చే మైకు పాట విన్నట్టు తల పక్కకు వాల్చి వినేది. మొదట్లో అమ్మా అమ్మా అని గొంతు చించుకుని పిలిచేది. కమలిని వచ్చానమ్మా అని ఒళ్లోకి తీసుకున్నా, మీద ఏదో బరువు పడిందని తెలిసేది కాని, అమ్మ వచ్చిందని తెలిసేది కాదు. కొన్నాళ్లకు పిలవడం మానేసింది. ఆకలేసినా, జ్వరమొచ్చినా మంచం మూల మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. ఎందుకు పిలవలేదు తల్లీ అని కమలిని అడిగింది.

"పిలిస్తే ఎవరూ రారు కదా" అంది శర్వాణి.

మర్నాడు కమలిని విశ్వంభరగారి గదికి వెళ్లి, కాలనీలో అన్ని దీపాలూ ఆర్పించమంది. కాలనీలో పుట్టిన పిల్లలెంతమంది ఉన్నారో మీకు తెలుసు కదా అంది. ఆయన ఆమెను కూర్చోమనలేదు, తానూ కూర్చోలేదు. ఆయనదీ బండి ఇల్లే. కాళ్లు చచ్చుబడిన భార్యతో ఒక పాత అంబులెన్సులో ఉంటున్నారు.

"ఆర్పమని రాసి సంతకం పెడతాను. అది కష్టం కాదు," అన్నారాయన. "ఆర్పిన వారానికి మళ్లీ ఒక చంటిబిడ్డ శవం వస్తుంది. అప్పుడు ఆ తల్లికి ఏం చెప్తారు? ఇళ్లు కట్టించి ఇస్తామని చెప్తారా? నేల ఎక్కడుంది కమలినిగారూ?"

పిల్లలున్న బండ్లలో ఆర్పిద్దాం, మిగతావి ఉంచుదాం అని చివరికి ఆయనే అన్నారు. ఆ మాట బయటికి పొక్కేసరికి కాలనీ భగ్గుమంది. పరిశోధనాలయం కిటికీల మీద రాళ్లు పడ్డాయి. కమలిని బండి ముందు జనం గుమిగూడారు.

ఆ గుంపులోంచి ముందుకొచ్చింది పక్క బండి సత్యవేణి. చేపలమ్మే మనిషి. సముద్రం మింగేసిన పేటలోంచి కట్టుబట్టలతో వచ్చింది. మొగుడు, అత్తమామలు, మరిది, తోటికోడలు, అందరికీ కలిపి ఒక డెలివరీ వ్యాను. చంకలో మూడేళ్ల కొడుకు నూకరాజు.

"అక్కా, ఆ దీపం తీసేత్తే మేం ఏటైపోవాల?" అంది. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. "మా ఆయనా, మా మరిదీ ఆ వేసవిలో ఒకర్నొకరు పొడుసుకోబోయినోళ్లే. నువ్వు సదువుకున్నదానివి, నువ్వే కదా తెచ్చి ఎట్టావు. ఇప్పుడు నువ్వే లాగేత్తానంటే ఎలాగ?"

కమలిని వాదించలేదు. నూకరాజును ఒకసారి కింద దింపమంది. సత్యవేణిని ఎదురుగా కూర్చోబెట్టి, అమ్మ దగ్గరికి వెళ్లు నాన్నా అంది. తల్లి రెండు అడుగుల దూరంలో ఉంది. పిల్లాడు పరుగెత్తాల్సినంత దూరం ఉన్నట్టు ఉరికి, ఆమె గుండెలకు గుద్దుకుని వెనక్కి పడ్డాడు. మళ్లీ లేచాడు. మళ్లీ ఉరికాడు. రెండోసారి పడ్డప్పుడు సత్యవేణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. గుంపు అరుపులు అణగిపోయాయి. ఎవరి పిల్లల్ని వాళ్లు చూసుకుంటూ వెళ్లిపోయారు.

ఆర్పితే సరిపోదని కమలినికి తెలుసు. సాగిన కొలతను వెనక్కి లాగాలి. పళ్లెంలో తీగలు తిరగేసి బిగిస్తే అది దూరాన్ని పెంచే బదులు కుదిస్తుంది. ఈ సంగతి పరిశోధనాలయంలో అందరికీ తెలుసు, ఎవరూ దాని జోలికి పోలేదు. ఒకసారి పరీక్షకని కాసేపు దాని కింద కూర్చున్న కుర్ర శాస్త్రవేత్త ఒకడు ఆ తరవాత చాన్నాళ్లు గదిలో ఊపిరాడక డాబా మీదే పడుకున్నాడు. పైగా పిల్లను ఒంటరిగా లోపల పెడితే లాభం లేదు. దగ్గర అంటే ఏమిటో నేర్పడానికి ఒక మనిషి ఒళ్లు కావాలి. పట్టుకోవాలి, తినిపించాలి, మాట్లాడుతూ ఉండాలి. మధ్యలో దీపం ఆర్పితే అంతా మొదటికొస్తుంది. ఎంతకాలం పడుతుందో చెప్పలేనని విశ్వంభరగారు అన్నారు. అంతసేపు దాని కింద ఉన్న పెద్దమనిషికి ఏమవుతుందో కూడా చెప్పలేనన్నారు.

నేనెళ్తాను అన్నాడు ఈశ్వర్రావు. అతను గునపాలు వంచే మనిషి. తీగలు తిరగేసి తన చేత్తోనే పళ్లెం తమ బండి పైకప్పుకు మళ్లీ బిగించి, బిడ్డను ఎత్తుకుని లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. బయట కమలిని మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి లోపల నుంచి గోడ మీద పిడిగుద్దులు వినపడ్డాయి. మరికాసేపటికి తలుపు తన్నుకుని అతను బయటపడ్డాడు. నేల మీద చేతులూ కాళ్లూ ఆనించి కక్కుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"నా వల్ల కాలేదు కమలీ," అన్నాడు, తల ఎత్తకుండా. "మట్టిలో కప్పెట్టినట్టుంది. పిల్లని వదిలేసి వచ్చేశాను. అదొచ్చి నా ఛాతీలో దూరిపోతున్నట్టనిపించింది... దాన్ని తోసేశానే. నా చేత్తో తోసేశాను."

కమలిని అతని తల నిమిరింది. స్టవ్వు దగ్గర పెట్టుకునే మందపాటి తువ్వాలు తీసుకుని, లోపలికెళ్లి తలుపు వేసుకుంది. బయట నుంచి గొళ్లెం పెట్టమంది. నేను తియ్యమని ఏడ్చినా తియ్యొద్దు అంది.

పైకప్పు దిగొచ్చి ఆమె నెత్తి మీద కూర్చుంది. గోడలు కనురెప్పలకు తగులుతున్నట్టు తోచింది. కళ్లు మూసుకుంటే చీకటి కూడా మొహానికి అంటుకుంది. తన నాలుక తన నోట్లోనే పట్టనంత పెద్దదైంది. పక్కన శర్వాణి ఊపిరి వేడిగా, పెనుగాలిలా ఆమె ముక్కులోకి దూరుతోంది. తలుపు వైపు ఎన్నిసార్లు పాకిందో, గొళ్లెం తియ్యమని ఎన్నిసార్లు ఏడ్చిందో ఆమెకు గుర్తులేదు. ఈశ్వర్రావుకు గుర్తుంది. అతను చెవులు మూసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీ సందులోంచి అన్నం గిన్నె అందించినప్పుడల్లా, అతని చెయ్యి ఒక దుంగలా వచ్చి తన మీద పడుతోందని ఆమె జడుసుకుని మూలకు ఒదిగిపోయేది.

తువ్వాలు నోట్లో కుక్కుకుని అరిచేది. అరుపు అయ్యాక తువ్వాలు తీసి పిల్లతో మాట్లాడేది. వంకాయ, బెండకాయ, దొండకాయ అని కూరల పేర్లు చెప్పేది. అనంతగిరిలో మంచు చూపిస్తాను అనేది. మాట ఆగితే అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టేది. అన్నిటికంటే కష్టం పిల్లను పట్టుకోవడం. ఆ చిన్న ఒళ్లు మీద ఆనితే కొండచరియ కింద పడ్డట్టు పక్కటెముకలు నొక్కుకుపోయేవి. అయినా పట్టుకుంది. నిద్రలో చేతులు వదులైతే మెలకువ తెచ్చుకుని మళ్లీ పట్టుకుంది. పగలేదో రాత్రేదో లెక్క పోయింది.

శర్వాణికి మాత్రం లోపల భయం లేదు. మొదట్లో ఆమె తల్లి వైపు చూడనైనా చూడలేదు. తరవాత ముద్ద కోసం సరిగ్గా నోరు తెరవడం మొదలుపెట్టింది. ఒకసారి తల్లి జుట్టు ముక్కు మీద పడితే చేత్తో తీసేసింది, గురి తప్పకుండా. ఒక మధ్యాహ్నం తల్లి ఛాతీ మీద చెవి ఆనించి పడుకుని ఉన్నదల్లా తలెత్తింది.

"ఎవరో తలుపు కొడుతున్నారనుకున్నాను," అంది మెల్లగా. ఆ మెల్లగా మాట్లాడటమే కొత్త. "కాదమ్మా. నీ లోంచి వస్తోంది."

తరవాత ఆమె తల్లి మొహం మీద చెయ్యి వేసి, ముక్కు, పెదవులు, చెవి వరసగా ముట్టుకుంది. నువ్వు అమ్మవే కదా అని అడిగింది. కమలిని ఔనని తల ఊపి, ఆ చేతిని అలాగే ఉండనిచ్చింది.

విశ్వంభరగారు కిటికీ సందులోంచి తీగల టోపీ అందించి, పిల్లకు పెట్టించి చూసి, పిల్ల కొలత కుదురుకుందన్న తరవాతే ఈశ్వర్రావు గొళ్లెం తీశాడు. శర్వాణి తన కాళ్ల మీద తాను మెట్టు దిగి, తండ్రి ముందు ఆగి, చేతులు చాపింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అతను కూలబడి ఏడ్చాడు. కమలిని పాకుతూ బయటికొచ్చి ఎర్రమట్టి మీద పడిపోయింది. ఆకాశం తడిగుడ్డలా ఆమె మొహాన్ని కప్పేసింది.

పెద్దవాళ్లకు పాత కొలత తిరిగొస్తుంది అని విశ్వంభరగారు ధైర్యం చెప్పారు. ఆయన మాట సగమే నిజమైంది. ఆకాశం కొన్నాళ్లకు పైకి వెళ్లింది. కొండలు వాటి చోటికి అవి వెళ్లాయి. మనుషులు మాత్రం వెనక్కి జరగలేదు. ఎవరు దగ్గరకొచ్చినా ఆమెకు వాళ్లు తన చర్మం లోపలికి వచ్చేస్తున్నట్టుండేది. ఒకప్పుడు ప్రాణప్రదంగా చూసుకున్న బండిలోకి ఆమె అడుగు పెట్టలేకపోయింది. ఈశ్వర్రావు బండికి ఎదురుగా నాలుగు వాసాలు పాతి, గోడల్లేకుండా టార్పాలిన్ కట్టి ఇచ్చాడు. అన్నం కంచం నేల మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. మాట్లాడాలంటే అక్కడి నుంచే మాట్లాడేవాడు. పక్కన కూర్చోవాలని అతనికుందని ఆమెకు తెలుసు. తాను పిల్లను తోసేసినందుకు ఇది తనకు శిక్ష అనుకుంటున్నాడనీ తెలుసు. అలా అనుకోకు అని చెప్పింది. అతను తల ఊపి, ఖాళీ కంచం తీసుకుని వెళ్లాడు.

శర్వాణికి ఇవేవీ అర్థం కాలేదు. ఆమెకు అమ్మ కొత్తగా దొరికింది. పొద్దస్తమానూ అమ్మ ఒళ్లోనే ఉండాలనేది. మొదటిసారి పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు, కమలినికి తెలియకుండానే కాళ్లు వెనక్కి నడిచాయి. పిల్ల ఆగిపోయింది. మళ్లీ రావాలా వద్దా అని నిలబడి, మట్టి వంక చూస్తూ వెళ్లిపోయింది. ఆ పూట కమలిని ముద్ద ముట్టలేదు.

పిల్లలున్న బండ్లలో దీపాలు ఆరాయి. తిరగేసిన పళ్లేలు బిగించిన రెండు బండ్లు పరిశోధనాలయం పక్కన నిలబెట్టారు. ఎవరి పిల్లతో వాళ్లు లోపలికెళ్లాలి. ఎవరినీ బలవంతపెట్టకూడదని, వెళ్లేముందు కమలినితో మాట్లాడి రావాలని విశ్వంభరగారు నియమం పెట్టారు. ఆమెను చూసి కొందరు వచ్చినదారినే వెనక్కి వెళ్లిపోయారు. కమలిని వాళ్లను తప్పుపట్టలేదు.

సత్యవేణి ఒక ఉదయం నూకరాజును చంకనేసుకుని వచ్చింది. దగ్గరకు రాకూడదని తెలిసి, టార్పాలిన్ నీడ అంచున కూర్చుంది. కమలిని ఏమీ దాచలేదు. లోపల ఎలా ఉంటుందో, బయటికొచ్చాక ఎలా ఉందో చెప్పింది. నా కూతురు దగ్గరకొస్తే నాకు ఊపిరాడదు సత్యవేణీ అంది. నువ్వు చేపల బజారులో వందమంది మధ్య కూర్చుని బతికే మనిషివి, ఆ బతుకు పోవచ్చు అంది.

సత్యవేణి అంతా విని, కొడుకు కాలిమడమ మీద మట్టి గోరుతో గీస్తూ కూర్చుంది.

"లోపల ఏటి సెయ్యాల?" అని అడిగింది చివరికి.

"పట్టుకోవాలి," అంది కమలిని. "నీ ఒళ్లు వదిలెయ్యమని గోల పెడుతుంది. వదలకూడదు."

"అంతేనా?"

"అంతే."

సత్యవేణి లేచి, చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుని, పరిశోధనాలయం వైపు నడిచింది. ఆమె మొగుడూ మరిదీ ఇద్దరూ ఆమె వెనకే వెళ్లారు.

ఆ మధ్యాహ్నం ఎండ చిటపటలాడుతోంది. పైన పరిశోధనాలయం పక్కనున్న బండ్ల దగ్గరి నుంచి మరిది గొంతు, మొగుడి గొంతు, వాటిని మించి సత్యవేణి అరుపు గాలికి తేలి వస్తున్నాయి. తలుపు తియ్యండ్రా అని అరుస్తోంది. వాళ్లు తియ్యడం లేదు. కమలిని చాప మీద కూర్చుని అటే చూస్తోంది. శర్వాణి బండి దిగి వచ్చింది. ఈసారి పరుగెత్తలేదు. కొంచెం కొంచెంగా జరుగుతూ, అమ్మ మొహంలోకి చూస్తూ, చాప అంచుకు వచ్చి ఆగి, "అక్కడికి రావచ్చా?" అని అడిగింది.

ఈశ్వర్రావు స్టవ్వు దగ్గర నుంచి లేచి, నాన్న దగ్గరికి రామ్మా అనబోయాడు. కమలిని చెయ్యెత్తి అతన్ని ఆపింది. రమ్మంది.

పిల్ల వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. కమలినికి దిక్కులన్నీ కుంచించుకుపోయి ఒక్కసారిగా మీద పడ్డాయి. పక్కటెముకలు విరుగుతున్నట్టయింది. చేతులు పిల్లను తోసెయ్యడానికి లేచాయి. ఆమె వాటిని చాప అంచుకు తీసుకుపోయి, గోళ్లు దిగేలా ఈతాకును పట్టుకుంది. చెమట చుక్క గడ్డం మీంచి జారి పిల్ల చెవి మీద పడింది. శర్వాణి చెవి రుద్దుకుని, అటు తిరిగి, ఇంకాస్త లోపలికి ఒదిగి పడుకుంది. కాసేపటికి ఆమెకు నిద్ర పట్టింది.

ఈశ్వర్రావు మెల్లగా వచ్చి, పిల్లను ఎత్తుకుపోనా అని కళ్లతోనే అడిగాడు. కమలిని తల అడ్డంగా ఊపింది. ఒక చేతిని చాప మీంచి విడిపించి, దాన్ని కూతురి వీపు మీద పెట్టింది. పిల్ల తనంతట తాను లేచేదాకా అక్కడే ఉంచింది.